గోడ మీది డిగ్రీలు

క్రితం వారం జ్యోతినీ, ఆమె కూతురు హన్నానీ హబ్సిగూడలో డాక్టర్ కౌముది క్లినిక్ మెట్ల మీద వదిలేసి వచ్చాం. హన్నాకి పద్నాలుగేళ్ళప్పుడు తార్నాకలో డాక్టర్ సుదర్శన్ కింది వరసలో రెండు పళ్ళు పీకి, నాలుగేళ్ళు తీగలు కట్టాడు. తీగలు తీసిన ఏడాదికే కింది దవడ మళ్ళీ ముందుకొచ్చేసింది. ఇప్పుడు పిల్లకి ఇరవై ఒకటి. పై పళ్ళు కింది పళ్ళ వెనక్కి పడతాయి. చపాతీ కొరకలేదు, చేత్తో చింపుకుని పక్క పళ్ళతో నమలాలి. "ఇది పళ్ళ సంగతి కాదండీ, మొదటినుంచీ దవడ ఎముకదే. ఆ రెండు పళ్ళూ పీకకుండా ఉండాల్సింది" అని కౌముది చెప్పిన మాట దగ్గర కిందటి భాగం ఆగింది.

ఆ మాట విన్నాక జ్యోతికి రెండు రోజులు అన్నం సహించలేదు.

కౌముది ఆ రోజు ఇంకా చాలా చెప్పింది. ముందు ఏడాదిన్నర మళ్ళీ తీగలు కట్టాలి. సుదర్శన్ వెనక్కి లాగిన పళ్ళని ఉండాల్సిన చోటికి తేవాలి. అప్పుడు దవడకి ఆపరేషన్. అది పళ్ళ డాక్టర్లందరూ చేసేది కాదు, నోటికీ దవడలకీ ప్రత్యేకంగా చదివిన సర్జన్ చెయ్యాలి. "నేను ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్తాను. నా మాట మీద వెళ్ళిపోకండి. నన్ను కూడా నమ్మెయ్యకండి, అడగండి" అంటూ తన ప్రిస్క్రిప్షన్ కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసిచ్చింది. ఆపరేషన్ చేసేది ఎవరు, పేరేమిటి? ఆ సర్జనూ తీగలు కట్టే డాక్టరూ మొదలుపెట్టకముందే కలిసి కూర్చుని పిల్లని చూస్తారా? ఇలాంటివి ఎన్ని చేశారు, చేయించుకున్న వాళ్ళతో మాట్లాడనిస్తారా? ఆపరేషన్ తర్వాత ఊపిరి అందకపోతే అక్కడే చూసుకునే ఏర్పాటు ఉందా?

"వీటికి చిరాకుపడే డాక్టర్ దగ్గర మాత్రం పిల్లని పెట్టకండి" అంది. చివర్లో ఇంకో మాట. "పాత ఫైలు కావాలి. పద్నాలుగేళ్ళప్పుడు పక్కనుంచి తీసిన ఎక్స్‌రే ఉంటుంది. అది పక్కన పెట్టుకుని చూస్తే గాని ఎముక ఎంత పెరిగిందో, ఆగిందో లేదో చెప్పలేను. ఆ ఫైలు మీదే. అడిగితే ఇవ్వాలి."

సోమవారం ఉదయం జ్యోతి ఆఫీసులో కూర్చుంది. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సర్టిఫికెట్లు సరిచూసే సెక్షన్ ఆమెది. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. ఎక్కడెక్కడి కంపెనీలూ, ఏయే దేశాల యూనివర్సిటీలూ ఒక డిగ్రీ కాగితం పంపి, ఇది మీరిచ్చినదేనా అని అడుగుతాయి. నంబరు, సంవత్సరం, సంతకం, ముద్ర చూసి, రిజిస్టరు తీసి, అవునని గాని కాదని గాని రాయాలి. దొంగ సర్టిఫికెట్‌ని వేలితో తడిమి చెప్పేస్తుందని ఆ బిల్డింగులో ఆమెకి పేరు.

ఆ పొద్దున ఒకే కాగితం ముందు అరగంట కూర్చుంది.

"ఏంది జ్యోతీ, పొద్దుగాల సంది గా ఒక్క సంతకమే చూస్తున్నవ్?" అంది పక్క బల్ల ప్రమీలమ్మ. వచ్చే ఏడాది రిటైరయ్యే మనిషి. సెక్షన్లో ఎవరి ఇంటి సంగతైనా ఆమె చెవిన పడకుండా పోదు.

జ్యోతి అంతా చెప్పింది.  

"హన్నా జర్నలిజం ఎం.ఎ. చదువుతోంది కదా. కెమెరా ముందు వార్తలు చదివే ప్రాక్టికల్ ఉందట. మిగతా అందరినీ కూర్చోబెట్టారు. దీన్ని మాత్రం, నీకు మాట స్పష్టంగా రాదు, నువ్వు ఎడిటింగ్ చూసుకో అన్నారట. వారం తర్వాత చెప్పింది నాకు. అదీ నవ్వుతూ చెప్పింది."

"మరి ఆ తార్నాక డాక్టరేమంటుండు?"

"అమ్మాయికి ఆపరేషన్ మేమే చేసేస్తాం, నెలాఖరుకి డేటుంది, వచ్చి రాయించుకోండి అని ఫోన్లు."

ప్రమీలమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పిల్లను గింత చేసి, మళ్ళ డేటిస్తుండా? ఇగ కూసుంటవేంది? పర్మిషన్ రాయి, పో. ఫైలు తీసుకునే రా. మనం అడగకపోతే వాళ్ళకేం ఫికర్ ఉంటది?"

జ్యోతి రెండు గంటల పర్మిషన్ రాసిచ్చింది. హన్నాకి ఫోన్ చేసింది. అదే కాంపస్‌లో ఉన్న డిపార్ట్‌మెంటు నుంచి హన్నా బ్యాగు వేసుకుని నడిచొచ్చింది. ఇద్దరూ ఆటో ఎక్కి తార్నాక చేరేసరికి పన్నెండు దాటింది.

క్లినిక్ మెయిన్ రోడ్డు మీదే, రెండో అంతస్తు. మెట్రో దిగిన ఎవరికైనా కనపడేంత పెద్ద బోర్డు. నవ్వుతున్న ఒక పిల్ల బొమ్మ, పక్కన డాక్టర్ సుదర్శన్, దాని కింద 'ఆర్థోడాంటిస్ట్', అంటే తీగలు కట్టి పళ్ళు సరిచేసే స్పెషలిస్టు, అని పెద్దక్షరాలు. ఏడేళ్ళ క్రితం ఆ బోర్డు చూసే వచ్చారు. అడిక్‌మెట్‌లో ఇంటి నుంచి ఆఫీసుకీ చర్చికీ వెళ్ళొస్తూ, బస్సులోంచి రోజూ చూసిన బోర్డు.

రిసెప్షన్లో స్వర్ణ అనే అమ్మాయి నవ్వుతూ లేచింది. "రండి మేడం, డేట్ ఫిక్స్ చేసుకుందామా?"

"ఫైలు కావాలమ్మా. హన్నాది. మొదట్నుంచీ ఉన్నదంతా. ఎక్స్‌రేలు, కాగితాలు, పళ్ళకి తీసిన ప్లాస్టర్ అచ్చులు."

స్వర్ణ నవ్వు ఆగింది. కంప్యూటర్లో ఏదో కొట్టింది. "పాతవి దొరకవు మేడం. మధ్యల సాఫ్ట్‌వేర్ మారింది."

"నేను కంప్యూటర్లో ఉన్నది అడగలేదమ్మా. కాగితాలు అడిగాను."

"అవి గోడౌన్‌కి పోయినయి."

"ఏ గోడౌన్? ఎక్కడ?"

స్వర్ణ లోపలి తలుపు వంక చూసింది. హాల్లో అరడజను మంది కూర్చున్నారు. తలుపు పక్కనే పదేళ్ళ పాపతో ఒక తల్లి, చేతిలో టోకెన్. అందరూ ఇటే చూస్తున్నారు.

తలుపు తీసుకుని సుదర్శన్ బయటికొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. మాస్కు గడ్డం కిందికి లాగి, నెమ్మదైన గొంతుతో, "మేడమ్, సెకండ్ ఒపీనియన్‌కి వెళ్ళారా? వెళ్ళండి, తప్పులేదు. కానీ బయటివాళ్ళకి కేస్ హిస్టరీ తెలీదు కదా. కన్‌ఫ్యూజ్ చేస్తారు" అన్నాడు.

"కన్‌ఫ్యూజ్ అవ్వకూడదనే ఫైలు అడుగుతున్నానండీ."

"ఫైల్లో ఏముంటుంది మేడమ్? ట్రీట్‌మెంట్ పర్‌ఫెక్ట్‌గా అయింది. పాప తీగలకి తగిలించే రబ్బర్లు సరిగ్గా పెట్టుకోలేదు. కోఆపరేషన్ లేదు. అందుకే రిలాప్స్ అయింది. ఆ వయసు పిల్లలు అంతే, ఎవరినీ అనలేం."

హన్నా అప్పటిదాకా తల్లి వెనక నిలబడి ఉంది. ఆ మాటకి ముందుకొచ్చింది.

"పెట్టుకున్నాను సార్." మాటలో 'స' అనబోతే గాలి ఈలలా జారింది. ఆమె ఆగలేదు. "ఇంటర్ పరీక్ష హాల్లో కూడా పెట్టుకున్నాను. నోట్లో చీటీ దాచానేమోనని ఇన్విజిలేటర్ అందరి ముందూ నోరు తెరిపించి చూశారు. నిద్రలో తెగితే లేచి కొత్తది పెట్టుకునేదాన్ని. నాలుగేళ్ళు. ఒక్క రోజు మానలేదు."

"మర్చిపోయుంటావు నాన్నా" అన్నాడు సుదర్శన్, భుజం తట్టబోతూ.

హన్నా వెనక్కి జరిగింది.

జ్యోతికి ఒళ్ళు మండిపోయింది. ఆ నాలుగేళ్ళూ పిల్ల చిగుళ్ళు పుండ్లు పడి పెరుగన్నమే తిన్న రోజులన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అప్పుడు తాను కూడా, రబ్బర్లు పెట్టుకున్నావా, చూపించు, అని పొద్దున్నే నోరు తెరిపించిన సంగతి గుర్తొచ్చింది. ఈ మనిషి మాట నమ్మి పిల్లని అనుమానించింది. ఒకసారి చెయ్యి కూడా చేసుకుంది.

బ్యాగులోంచి కౌముది రాసిచ్చిన కాగితం తీసింది.

"సరే డాక్టరుగారూ, ఫైలు తర్వాత. నెలాఖరుకి ఆపరేషన్ అన్నారు. చేసేది ఎవరు?"

"మన విజిటింగ్ సర్జన్."

"పేరు?"

"ప్యానెల్ ఉంది మేడమ్. ఆ రోజు ఎవరు ఫ్రీగా ఉంటే వాళ్ళు వస్తారు. అందరూ సీనియర్సే."

"మా అమ్మాయిని ఎప్పుడు చూస్తారు?"

"ఆ రోజు పొద్దున చూస్తారు కదా."

"మత్తిచ్చే ముందా, ఇచ్చాకా?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సుదర్శన్ నవ్వలేదు.

"ఆయన ఇలాంటివి ఎన్ని చేశారో తెలుసుకోవచ్చా? చేయించుకున్న వాళ్ళు ఎవరైనా ఉంటే మాట్లాడతాను. ఎక్కడ చేస్తారు? ఇక్కడేనా? ఊపిరి ఆడకపోతే ఏం చేస్తారు?"

"మేడమ్, ఇంటర్నెట్ చూసొచ్చి ఇలా అడిగితే ఎవరూ ట్రీట్‌మెంట్ చెయ్యలేరు. డాక్టర్ మీద నమ్మకం ఉండాలి. మీకు మెడికల్ నాలెడ్జ్ లేదు. నేను క్వాలిఫైడ్. అదిగో" అని గోడ చూపించాడు.

ఆ గోడ నిండా ఫ్రేములు. ఏడేళ్ళుగా ఆ హాల్లో గంటలకి గంటలు వాటి కిందే కూర్చుంది జ్యోతి. బంగారు రంగు అంచులు, ఎర్ర ముద్రలు, రిబ్బన్లు. ఒక్క రోజు కూడా లేచి దగ్గరికెళ్ళి చదవలేదు.

ఇప్పుడు వెళ్ళింది. కళ్ళజోడు పెట్టుకుంది. బల్ల మీదికొచ్చిన కాగితం చదివినట్టే చదివింది. నంబరు, సంవత్సరం, ఇచ్చినదెవరు, ఇచ్చినదేమిటి.

మొదటిది బి.డి.ఎస్. ప్రతి పళ్ళ డాక్టరూ చదివే చదువు. అసలు సర్టిఫికెట్టే, సందేహం లేదు. రెండోది ఆరు రోజుల శిక్షణలో పాల్గొన్నందుకు ఇచ్చినది. మూడోది ఒక హోటల్లో జరిగిన రెండు రోజుల సదస్సుకి హాజరైనందుకు. నాలుగోది తీగలు తయారుచేసే కంపెనీ ఒకటి, తమ సరుకు ఎక్కువగా వాడినందుకు అభినందిస్తూ ఇచ్చినది. అయిదోది లయన్స్ క్లబ్బు మెడల్ లాంటి బొమ్మతో ఏదో సన్మానపత్రం. చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ మొదటికొచ్చింది.

"మీ ఎం.డి.ఎస్. ఏదండీ?" అంది.



"బి.డి.ఎస్. వాళ్ళు తీగలు కట్టకూడదని ఎక్కడా లేదు మేడమ్."

"కట్టొచ్చేమో. అది నేనడగలేదు. బయట బోర్డు మీద ఆర్థోడాంటిస్ట్ అని ఉంది. దానికి మూడేళ్ళు విడిగా చదవాలిట కదా. ఆ చదువు కాగితం ఈ గోడ మీద ఎక్కడుందో చూపించండి. నాకు కనపడలేదు."

"ఎక్స్‌పీరియన్స్ ఉంది..."

"ఎవరి మీద వచ్చిందండీ ఆ ఎక్స్‌పీరియన్స్? మా అమ్మాయి నోట్లోనా?"

జ్యోతి గొంతు ఇంత పెద్దదని హన్నాకి ఆ రోజే తెలిసింది. ఆఫీసులో గాని చర్చిలో గాని పక్కవాళ్ళకి వినపడకుండా మాట్లాడే మనిషి.

"నేను ఏడాదికి కొన్ని వేల సర్టిఫికెట్లు చూస్తానండీ. ఎవరి దొంగ డిగ్రీనైనా పట్టుకుంటానని నాకు పొగరు కూడా. మీవి దొంగవి కావు. ప్రతి కాగితమూ నిజమే చెబుతోంది. ఆరు రోజులు అని రాసుంది, పాల్గొన్నారు అని రాసుంది. మీరు దాచలేదు, నా నెత్తి మీదే వేలాడదీశారు. ఊరందరి కాగితాలూ చదివి, నా పిల్ల నోరు ఎవరి చేతిలో పెడుతున్నానో ఆ ఒక్కరి కాగితం చదవలేదు నేను. నా తప్పు నాకుంది, అది నేను మోసుకుంటాను. కానీ మీరు ఇందాక రబ్బర్లు పెట్టుకోలేదని దాని మీదికి తోశారే, దానికి మాత్రం ఊరుకోను."

పదేళ్ళ పాప తల్లి లేచి నిలబడింది. "ఏమ్మా, ఈయన స్పెషలిస్టు కాదా? మా పాపకి రేపు పళ్ళు తీస్తామన్నారు."

"మేడమ్, ప్లీజ్, మిగతా పేషెంట్లని డిస్టర్బ్ చెయ్యకండి" అన్నాడు సుదర్శన్.

"నేను చెబితే నమ్మకండమ్మా" అంది జ్యోతి ఆమెతో. "గోడ మీద ఉంది. మీరే చదువుకోండి."

ఆమె నిజంగానే వెళ్ళి చదవడం మొదలుపెట్టింది, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ.

జ్యోతి రిసెప్షన్ బల్ల దగ్గరికెళ్ళి, స్వర్ణ ముందున్న ప్రింటర్ లోంచి ఒక తెల్లకాగితం లాగింది. కుర్చీ జరుపుకుని కూర్చుంది. తేదీ వేసింది. 'మా అమ్మాయి హన్నా చికిత్సకి సంబంధించిన పూర్తి ఫైలు ఇవ్వవలసిందిగా కోరడమైనది' అని రాసి సంతకం చేసింది. దాని కింద గీత గీసి కాగితం సుదర్శన్ వైపు తిప్పింది.

"ఈ గీత కింద మీరు రాయండి. ఫైలు పోయింది అని. సంతకం చేసి, మీ రబ్బరు స్టాంపు వెయ్యండి. నేను వెళ్ళిపోతాను. మళ్ళీ మిమ్మల్ని అడగను, అడగాల్సిన చోట అడుగుతాను."

సుదర్శన్ పెన్ను తీసుకోలేదు. కాగితం వంక చూశాడు, గోడ దగ్గర నిలబడ్డ తల్లి వంక చూశాడు.

"రాయండి. పోయినదాన్ని పోయిందని రాయడానికేం?"



"స్వర్ణా, ఒకసారి పైన రాక్‌లో చూడు" అన్నాడు.

గోడౌన్‌కి వెళ్ళిన ఫైలు ఎనిమిది నిమిషాల్లో దొరికింది. నీలం అట్ట, దాని మీద దుమ్ము. స్వర్ణ బల్ల మీద పెట్టి, మెల్లిగా, "అచ్చులు లేవు మేడం, పడేశినం. ఎక్స్‌రేలు ఉన్నయి" అంది. జ్యోతి అక్కడే నిలబడి పేజీలు లెక్కపెట్టింది. ముప్ఫై రెండు. కాగితం మీద 'ముప్ఫై రెండు పేజీలు ముట్టినవి, అచ్చులు ఇవ్వలేదు' అని రాసి, స్వర్ణ చేత స్టాంపు వేయించి, ఫోన్లో ఫొటో తీసుకుంది.

"ఆపరేషన్ ఇక్కడ కాదు" అంది తలుపు దగ్గర ఆగి. "మాకు మళ్ళీ ఫోన్ చెయ్యకండి."

మెట్లు దిగాక హన్నా తల్లి చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టు గట్టిగా. "అమ్మా, నీకిలా మాట్లాడటం వచ్చా?"

"ఏడేళ్ళ క్రితం రావాల్సింది" అంది జ్యోతి. 

పర్మిషన్ ఇంకా ముప్పావుగంట ఉంది. ఆటోలో కాంపస్‌కి తిరిగొచ్చి, పరీక్షల విభాగం బయట వేపచెట్ల కింద సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. మైగ్రేషన్ సర్టిఫికెట్ కోసం వచ్చిన పిల్లలు కిటికీల ముందు వరసలో నిలబడ్డారు. జ్యోతి ఫైలు ఒళ్ళో పెట్టుకుని తెరిచింది.

ఎక్స్‌రే మొదట్లోనే ఉంది. పద్నాలుగేళ్ళ హన్నా పక్కనుంచి. వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. అప్పటికే కింది దవడ ముందుకుంది. ఏమీ తెలియని కళ్ళకి కూడా కనపడేంత ముందుకుంది.

దాని వెనక ఒక ఉత్తరం. వేరే లెటర్‌హెడ్. డాక్టర్ వైదేహి, నోటి, దవడల సర్జన్. పేరు పక్కన ఎం.డి.ఎస్. కింద రిజిస్ట్రేషన్ నంబరు. ఈసారి జ్యోతి ముందు అవే చూసింది. తర్వాత ఉత్తరం చదివింది. నాలుగే వాక్యాలు. ఇది దవడ ఎముక పెరుగుదలకి సంబంధించినది. ఎదుగుదల ఆగేవరకు వేచి ఉండాలి. పళ్ళు తీయవద్దు. పద్దెనిమిది దాటాక ఆర్థోడాంటిస్టూ సర్జనూ కలిసి చూసి నిర్ణయించాలి.

తేదీ, పళ్ళు పీకడానికి పదకొండు రోజుల ముందు.

"అంటే వాడికి తెలుసు" అంది జ్యోతి. "ముందే తెలుసు. తెలిసి పీకాడు. ఈ ఉత్తరం పెట్టుకుని, ఇందాక నీ తప్పే అన్నాడు చూడు..." మళ్ళీ తార్నాక వెళ్ళిపోయేదానిలా లేవబోయింది.

"అమ్మా, ఆగు" అంది హన్నా. వేలు పెట్టి చూపించింది. "కింద చూడు."

ఉత్తరం అడుగున ఖాళీ జాగాలో నీలం సిరాతో, తెలుగులో, చేత్తో రాసిన రెండు వరసలు. 'పై విషయం నాకు పూర్తిగా వివరించారు. ఆగడం మాకు ఇష్టం లేదు. పళ్ళు తీసి తీగలు కట్టడానికి ఒప్పుకుంటున్నాను.' దాని కింద సంతకం. 'ప్ర' కింది వొత్తుని పేరు పొడుగునా గీతలాగ సాగదీసిన సంతకం. హన్నా ప్రతి ప్రోగ్రెస్ రిపోర్టు మీదా ఉన్నదే. జ్యోతి రేషన్ కార్డు దరఖాస్తు దగ్గర్నుంచి అన్నిటి మీదా చూసినదే.

ప్రభుదాసు. హన్నా తండ్రి.

పంతొమ్మిదేళ్ళ అలవాటు చొప్పున జ్యోతి బొటనవేలితో ఆ అక్షరాలని తడిమింది. దొంగ సంతకం అయితే బాగుండునని జీవితంలో మొదటిసారి అనుకుంది. కాదు.

"ఆ నెలంతా నీకు కాన్వొకేషన్ డ్యూటీ" అంది హన్నా. "నన్ను డాడీయే తీసుకెళ్ళారు. ఎవరో డాక్టరమ్మ దగ్గరికి కూడా వెళ్ళాం. నన్ను బయట కూర్చోమన్నారు. వచ్చేటప్పుడు ఐస్‌క్రీం కొనిపెట్టారు."

జ్యోతి బెంచీ మీంచి లేచి, నాలుగడుగులు పక్కకెళ్ళి ఫోన్ చేసింది. ప్రభుదాసు గోల్నాకలో స్కూలు మాస్టరు. భోజనాల బెల్లు కొట్టినట్టుంది, వెనక పిల్లల గోల.

"ఏవండీ, తార్నాక వెళ్ళి హన్నా ఫైలు తెచ్చాను."

అవతల తలుపు వేసిన చప్పుడు, గోల తగ్గింది. 

"డాక్టర్ వైదేహి అని ఒకావిడ ఉత్తరం ఉంది ఇందులో. దాని కింద మీ సంతకం ఉంది. మీదేనా?"

"నాదే జ్యోతీ."

అంత సులువుగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు.  "పళ్ళు తియ్యొద్దని రాసిందండీ ఆవిడ! పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది! ఏడేళ్ళు నాకొక్క మాట చెప్పలేదు. రబ్బర్లు పెట్టుకోలేదని నేను దాన్ని కొడుతుంటే పక్కనే కూర్చుని చూశారు. ఎలా చూశారండీ?"

"అంతా చెబుతాను. ఇప్పుడే బయల్దేరుతున్నాను." ఆయన గొంతు తగ్గించాడు. "జ్యోతీ, ఒక్క మాట విను. ఆ కాగితం వెనక కూడా రాసి ఉంటుంది. నేను వచ్చేదాకా తిప్పొద్దు. నువ్వు చదివినా సరే, హన్నా కంట మాత్రం పడనివ్వకు. నీకు దణ్ణం పెడతాను."

జ్యోతి గిరుక్కున వెనక్కి తిరిగింది.

నీలం అట్ట బెంచీ మీద తెరిచి ఉంది. ఉత్తరం అందులో లేదు. హన్నా దాన్ని రెండు చేతులతో పట్టుకుని, వెనకవైపు చదువుతోంది.